ముందు బండి ఎటు పోతుందో కనుక్కోండి

పాఠకుల ప్రశ్నలు, జవాబులు: ఈసారి క్యాంపస్ చెత్త

ఇంటి చెత్త గురించి పోయిన సంచికలో రాశాక హాస్టళ్ల నుంచి, కాలేజీల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. "మీకు క్యాంపస్ సంగతులు తెలుసా మేడమ్?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. తెలుసండీ. గుంటూరు, విజయవాడల మధ్య ఒక పెద్ద క్యాంపస్‌లో 19 ఏళ్లు శానిటరీ సూపర్‌వైజర్‌గా చేశాను. ఆరు హాస్టళ్లు, మూడు మెస్సులు, రెండు క్యాంటీన్లు, 38 మంది పనివాళ్లు. రిటైరై బ్రాడీపేటలో ఉంటున్నా, ఆ 38 మందిలో చాలామంది ఇప్పటికీ ఫోన్ చేస్తుంటారు. ఈ జవాబుల్లో సగం వాళ్లు నేర్పినవే.

ప్రశ్న: మేడమ్, నేను బీటెక్ థర్డ్ ఇయర్. మా క్లబ్ తరఫున చందాలు వేసుకుని ప్రతి బ్లాక్ ముందూ ఆకుపచ్చ, నీలం, ఎరుపు డబ్బాలు పెట్టించాం. బోర్డులు రాశాం, పోస్టర్లు అంటించాం. రెండు నెలలైంది. మూడింట్లోనూ ఒకటే చెత్త. పైగా సాయంత్రం ట్రాక్టర్ వచ్చి మూడూ కలిపి కుమ్మరించుకుని పోతోంది. అది చూశాక మా క్లబ్ వాళ్లే మానేశారు. ఎక్కడ తప్పు జరిగింది?
(విద్యార్థి, తాడేపల్లి)

జవాబు: బాబూ, మీ డబ్బాల్లో తప్పు లేదు, పోస్టర్లలోనూ లేదు. ఈ పనిని మీరు ముందు వైపు నుంచి పట్టుకున్నారు. ఇది వెనక నుంచి పట్టుకోవాల్సిన పని. డబ్బా కొనే ముందే ఒక సంగతి తెలియాలి: ఈ గేటు దాటాక ఇది ఎక్కడికి పోతుంది, ఎవరి చేతిలో పడుతుంది? దానికి జవాబు లేకపోతే ఎన్ని రంగులు పెట్టినా ట్రాక్టర్ దగ్గర అన్నీ ఒకటే అయిపోతాయి. ఓపిగ్గా వేరు చేసి వేసినవాళ్లు ఆ ట్రాక్టర్‌ని ఒక్కసారి చూస్తే చాలు, మళ్లీ వేరు చేయరు. వాళ్లని తప్పుపట్టలేం.

ఈ సంగతి తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. రోజూ ట్రాక్టర్ ట్రిప్పుల రిజిస్టర్‌లో సంతకం పెట్టేదాన్ని. ఒకరోజు డ్రైవర్ పక్కన ఎక్కి కూర్చున్నాను. ప్రహరీ వెనక, కాలవ గట్టు వారన ఒక గుంట. ట్రాలీ లేపి కుమ్మరించాడు. పక్కనే నిన్నటి కుప్ప ఇంకా రాజుకుంటోంది. ల్యాబుల ఖాళీ సీసాలు, పాత పరుపుల దూది, పరీక్ష కాగితాలు, సాంబారు, అన్నీ ఒకేచోట. పొగలోనే రెండు కుక్కలు పెరుగన్నం కవరు పీక్కుంటున్నాయి. గాలి మా లేడీస్ హాస్టల్ వైపు తిరిగి ఉంది. సాయంత్రమైతే అమ్మాయిలు కిటికీలన్నీ ఎందుకు మూసుకుంటారో ఆ గట్టు మీద నిలబడితే గానీ నాకు అర్థం కాలేదు. బయటికి పోతే చాలనుకున్నాం అందరం. నేనూ అలాగే అనుకున్నాను.

అందుకని మీ క్లబ్‌లో ఇద్దరు ముగ్గురు రేపు ఆ ట్రాక్టర్ వెంట వెళ్లండి. ఎవరి మీదా ఫిర్యాదు కోసం కాదు, చూడ్డానికి. డ్రైవర్‌తో మాట్లాడండి. అతనికి తెలిసినంత మీ డీన్‌కి కూడా తెలియదు.

ఆ తర్వాత మేం చేసిన పని డబ్బాలు కొనడం కాదు. ఒక గోతంలో మా క్యాంపస్‌లో దొరికే వస్తువులన్నీ తలా ఒకటి వేసుకుని విజయవాడ ఆటోనగర్‌లో పాతసామాన్ల కొట్టుకి వెళ్లాం. "ఇందులో ఏవి కొంటారు, ఏవి కొనరు?" అని అడిగితే ఆయన ఒక్కొక్కటీ తీసి కాటా పక్కన రెండు కుప్పలు పెట్టాడు. నీళ్ల సీసా కొంటాడు. అట్టపెట్టె కొంటాడు. రికార్డు కాగితాల కట్ట చేతిలోకి తీసుకుని వాసన చూసి, "అమ్మా, దీనికి పులుసు తగిలింది, వద్దు" అని పక్కన పెట్టాడు. అదే కాగితం, అదే బరువు. తడి తగలనంతవరకు అది సరుకు.

మర్నాడు క్యాంటీన్ ముందు డబ్బాని మధ్యాహ్నం మూడింటికి ఒక పట్టా మీద బోర్లించాం. పైన టీ కప్పులు, ఒకదాంట్లో ఒకటి దూర్చినవి, అడుగున ఇంకా గుక్కెడు టీ ఉన్నవి. వాటి కింద సగం తాగిన కూల్‌డ్రింక్ సీసా, మూత లేదు. అది కారి కింద కాగితాలన్నీ ముద్దయ్యాయి. పునుగుల పొట్లం, దాంట్లో అల్లం పచ్చడి. చిప్స్ ప్యాకెట్లు. బంగారంలాంటి అట్టపెట్టె, దాని మీద సాంబారు. ఒక చార్జర్ వైరు. తూకం వేస్తే మొత్తం 9 కిలోలు. అందులో అసలు తడి చెత్త 2 కిలోలు కూడా లేదు. ఆ 2 కిలోలే మిగతా ఏడింటినీ పాడుచేశాయి.

మీరూ ఒక డబ్బా బోర్లించండి, పది పోస్టర్ల కంటే అదే ఎక్కువ చెబుతుంది. చూస్తే మీకే తెలుస్తుంది, తడి పుట్టేచోట్లు క్యాంపస్‌లో నాలుగైదే: మెస్, క్యాంటీన్, జ్యూస్ బండి, హాస్టల్ వరండాలో పార్సిళ్లు తినే మూల. తడి డబ్బా అక్కడ పెట్టండి, పక్కనే పొడి డబ్బా ఉండాలి. ఒంటరి డబ్బా ఎక్కడా ఉండకూడదు, ఉంటే అందులో అన్నీ పడతాయి. క్లాసురూముల్లో తడి డబ్బా అక్కర్లేదు, కాగితాలకి ఒక అట్టపెట్టె చాలు. క్యాంటీన్ డబ్బాల పక్కన ఒక బకెట్ మీద జల్లెడ పెట్టి, మిగిలిన టీ, కూల్‌డ్రింక్ అందులో పోయమనండి. మా దగ్గర అన్నిటికంటే ఎక్కువ మార్పు తెచ్చింది ఆ బకెట్టే.

ఇక ట్రాక్టర్. ట్రాలీ మధ్యలో చెక్క అడ్డం కొట్టించండి, లేదా తడి రోజూ, పొడి వారానికి రెండు రోజులు తీసుకెళ్లేలా మాట్లాడండి. పొడి చెత్త మూడు రోజులు ఆగినా వాసన రాదు, తడి తగలకపోతే.

ప్రిన్సిపల్ గారిని అడగడానికి మీ చేతిలో ఒక లెక్క ఉండాలి. వారం రోజులు మొత్తం చెత్త తూకం వేయండి. రోజుకి 100 కిలోలు దాటే విద్యాసంస్థలు, హాస్టళ్లు పెద్ద ఎత్తున చెత్త పుట్టించేవాళ్ల కిందికి వస్తాయని 2016 ఘనవ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. అలాంటివాళ్లు తడి చెత్తని వీలైనంతవరకు తమ ఆవరణలోనే ఎరువు చేసుకోవాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనల్లో చెత్తని నాలుగు రకాలుగా వేరు చేయాలి: తడి, పొడి, శానిటరీ (ప్యాడ్లు, డైపర్లు), ప్రత్యేక జాగ్రత్త కావాల్సినవి (బల్బులు, మందుల్లాంటివి). కాబట్టి మీరు అడిగేది క్లబ్ సరదా కాదు, కాలేజీ ఎలాగూ చేయాల్సిన పని.

ఇంకొక మాట. మీలో చాలామందికి ఈ రంగులు కొత్త కాదు. 2021 అక్టోబర్ 2న 'క్లాప్' (క్లీన్ ఆంధ్రప్రదేశ్ కార్యక్రమం) మొదలైనప్పుడు మన పట్టణాల్లో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం, ఎరుపు డబ్బాలు ఇచ్చారు. అదే ఏడాది స్వచ్ఛ సర్వేక్షణ్‌లో విజయవాడ దేశంలో 3వ స్థానంలో నిలిచింది. ఇంట్లో అమ్మ దగ్గర వేరు చేసి వేసిన పిల్లలే హాస్టల్‌కి వచ్చాక మానేస్తున్నారంటే, అలవాటు లేక కాదు, ఇక్కడ చేసినా ప్రయోజనం కనపడక.

ప్రశ్న: ఏది ఏ డబ్బాలో వేయాలో మా లైబ్రరీ స్టాఫ్‌లోనే ఒకరు చెప్పినట్టు ఇంకొకరు చెప్పరు. పేపర్ కప్పు మీద రోజూ వాదనే. కాస్త తేల్చి చెప్పండి.
(లైబ్రరీ ఉద్యోగి, గుంటూరు)

జవాబు: పేపర్ కప్పు పేరుకే పేపరండీ. టీ కారిపోకుండా లోపల సన్నటి ప్లాస్టిక్ పొర అతికి ఉంటుంది. మామూలు కాగితం మిల్లు ఆ పొరని విడదీయలేదు, ఎరువు గుంటలో వేస్తే కాగితం కుళ్లి పొర మిగిలిపోతుంది. కాబట్టి తడిలో వద్దు, కాగితాల్లోనూ వద్దు. టీ పారబోసి పొడి చెత్త డబ్బాలో వేయాలి, అదీ కొట్టువాడు కొనని రకంగానే. వాదన తెగాలంటే కప్పే లేకుండా చేసుకోండి. మీ స్టాఫ్‌లో ఎంతమంది ఉంటే అన్ని స్టీలు గ్లాసులు కొనండి. మా ఆఫీసులో 14 గ్లాసులు కొన్నాం, నేను రిటైరయ్యేనాటికి 12 ఉన్నాయి.

నూనె తాగిన కాగితం కూడా అంతే. మిరపకాయ బజ్జీల పొట్లం, బిర్యానీ అట్టపెట్టె అడుగు, చెయ్యి తుడుచుకున్న టిష్యూ, ఇవి కాగితాల కట్టలో కలవకూడదు. ప్లాస్టిక్ పొర లేని మామూలు కాగితమైతే చింపి తడిలో వేయొచ్చు. పెట్టె మూత శుభ్రంగా ఉంటే దాన్ని చింపి అట్టల్లో పెట్టండి. ఏటీఎం చీటీ, షాపు బిల్లు నున్నగా ఉంటాయి చూడండి, వాటి మీద రసాయనం పూత ఉంటుంది. అవీ కాగితాల్లో వద్దు.

నీళ్ల సీసా, కూల్‌డ్రింక్ సీసా ఖాళీ చేసి, నొక్కి, మూత పెట్టి వేయండి. మూత వేరే ప్లాస్టిక్కే, కానీ ఇబ్బంది లేదు. ఫ్యాక్టరీలో ముక్కలు చేసి నీళ్లలో వేస్తే సీసా ముక్క మునుగుతుంది, మూత ముక్క తేలుతుంది, అలా విడిపోతాయి. సీసా అడుగున త్రికోణంలో ఉండే అంకె ప్లాస్టిక్ రకం చెబుతుంది, 1 అంటే ఈ సీసాల రకం. 2, 4, 5 ఉన్నవి కూడా చాలా కొట్లలో పోతాయి. బిర్యానీ పార్సిల్ వచ్చే నల్ల డబ్బా మీద ఎక్కువగా 5 ఉంటుంది, కడిగితేనే దానికి విలువ.

పాల ప్యాకెట్ మంచి సరుకు. సంగమో, విజయో, ఏదైనా సరే, మూల పూర్తిగా తెగిపోకుండా కత్తిరించండి. తెగి పడిన ఆ చిన్న ముక్కని ఎవరూ ఏరలేరు, నేరుగా కాలవలోకి పోతుంది. ప్యాకెట్‌ని కడిగి తీగ మీద ఆరేసి, పాతిక ముప్పై అయ్యాక కట్ట కట్టండి. కర్రీ పాయింట్ నుంచి వేడి సాంబారు తెచ్చుకునే పల్చటి కవరు మాత్రం ఎవరికీ అక్కర్లేదు. 2022 డిసెంబర్ 31 నుంచి చేతి సంచుల మందం కనీసం 120 మైక్రాన్లు ఉండాలి (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). అంతకంటే ముందే, 2022 జులై 1 నుంచి, ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, స్ట్రాలు నిషేధం. మీ క్యాంటీన్‌లో ఇంకా కనిపిస్తే వేసే డబ్బా గురించి కాదు, కొనేవాళ్లతో మాట్లాడండి.

చిప్స్, బిస్కెట్ ప్యాకెట్ల లోపల వెండిలా మెరిసే పొర ఉంటుంది. రెండు మూడు పొరలు అతికించినవి విడిపోవు. కొట్టువాడు కొనడు. పొడిగా విడిగా ఉంచితే సిమెంట్ ఫ్యాక్టరీల కొలిమికో, చెత్తతో కరెంటు తీసే ప్లాంట్‌కో పనికొస్తాయి. మనకి దగ్గర్లో కొండవీడు వద్ద అలాంటి ప్లాంట్ ఉంది. తడి కలిసిన చెత్త అక్కడ కూడా సరిగ్గా మండదు, ముందు నీళ్లు ఆరబెట్టడానికే సగం వేడి పోతుంది. ఫ్రూట్ జ్యూస్ అట్ట డబ్బాలో కాగితం, ప్లాస్టిక్, అల్యూమినియం మూడూ ఉంటాయి. వాటిని తీసుకునే కొట్టు ఉందేమో అడిగి, ఉంటేనే విడిగా పెట్టండి.

మీ లైబ్రరీకి ప్రత్యేకంగా ఒకటి: పాత ప్రాజెక్టు రిపోర్టుల స్పైరల్ తీగ, ప్లాస్టిక్ అట్ట విడదీసి కాగితాలు అమ్మండి. విడదీయకుండా ఇస్తే కొట్టువాడు రేటు తగ్గిస్తాడు.

ప్రశ్న: మాది 400 మంది తినే హాస్టల్ మెస్. వెనక సిమెంట్ గుంటలు కట్టించి ఎరువు చేద్దామన్నారు. పది రోజులకే ఒకటే కంపు, పురుగులు. పిల్లలు కంప్లైంట్ పెట్టారు, గుంట మూసేశాం. మళ్లీ మొదలుపెట్టమంటున్నారు. భయంగా ఉంది.
(మెస్ మేనేజర్, మంగళగిరి)

జవాబు: భయపడకండి, గుంట మళ్లీ తెరవొచ్చు. కంపు వచ్చిందంటే నీళ్లు ఎక్కువయ్యాయి, గాలి ఆడలేదు. మీ గుంటలోకి ఒట్టి అన్నం, సాంబారు, మజ్జిగ వెళ్లి ఉంటాయి. అది పాచిపోతుంది గానీ ఎరువవదు.

మీకు కావాల్సింది ఎండుటాకులు. గంప మెతుకులకి రెండు గంపల ఎండుటాకులు. మన వైపు జనవరి నుంచి మార్చి దాకా బాదం, కానుగ, వేప రాలిపోతూనే ఉంటాయి. అప్పుడు వాటిని ఊడ్చి తగలబెడతారు. అది నిబంధనలకి విరుద్ధం, పైగా మీ గుంటకి ఏడాది మొత్తానికి కావాల్సిన సరుకు బూడిదవుతోంది. గోతాల్లో కుక్కి షెడ్డులో పెట్టించండి. 400 మంది మెస్ అంటే గోతాలు చాలానే పడతాయి, తక్కువ అంచనా వేయకండి.

సాంబారు, రసం, పులుసు ముందు జల్లెడ డ్రమ్ములో వడకట్టాలి. గుంట అడుగున కొబ్బరి పీచో పుల్లలో జానెడు మందం వేసి, ఆకులు, మెతుకులు, మళ్లీ ఆకులు, ఇలా పొరలు. పైన ఎప్పుడూ ఆకులే ఉండాలి, మెతుకు బయటికి కనపడితే ఈగ వాలుతుంది. మొదటిసారి పాత ఎరువో, పేడనీళ్లో, పుల్లమజ్జిగో చల్లండి. మూడు నాలుగు రోజులకొకసారి పారతో తిరగేయాలి. ఎముకలు, నూనె ఓడే పచ్చళ్లు వద్దు. కుక్కలు గుంట తవ్వేస్తాయి.

సరిగ్గా నడుస్తోందో లేదో తెలియడానికి మా పెద్దామె నేర్పిన పద్ధతి ఒకటుంది. ఆమె మా పనివాళ్లలో అందరికంటే పెద్దది, అందరం పెద్దామే అనే పిలిచేవాళ్లం. ఇనప చువ్వ గుంట మధ్యలో గుచ్చి, టీ తాగి వచ్చేసరికి తీసి పట్టుకునేది. చెయ్యి చురుక్కుమంటే లోపల బాగా పనిచేస్తోందని. చల్లగా ఉంటే ఆకులో నీళ్లో తక్కువయ్యాయని. తర్వాత గుప్పెడు తీసి పిండేది. ఒకటి రెండు చుక్కలు రాలితే సరిపోయినట్టు. ధారగా కారితే ఆకులు కలపాలి, పొడిపొడిగా ఉంటే నీళ్లు చల్లాలి. మే నెలలో మన ఎండలకి రోజూ చల్లాల్సిందే, పైన తడి గోనెలు కప్పాలి. వానలకి రేకు వేయించండి. ఒకటిన్నర రెండు నెలలకి నల్లగా, తొలకరి మట్టి వాసన వేసే ఎరువు తయారవుతుంది.

అన్నిటికంటే ముందు గుంటకి వెళ్లేది తగ్గించండి. మేం చేతులు కడుక్కునేచోట ఒక పలక పెట్టి, ఏ పూట ఎంత పారేశామో కిలోల్లో రాసేవాళ్లం. ఎవరినీ తిట్టలేదు, ఒట్టి అంకె. నెలకి తెలిసింది, దొండకాయ కూర వండిన రోజే ఎక్కువ పారేస్తున్నారని. వంటాయన కూర మార్చాడు. గరిటెడు గరిటెడుగా అడిగినన్నిసార్లు వడ్డించడం మొదలుపెట్టాక ఇంకా తగ్గింది.

ప్రశ్న: లేడీస్ హాస్టల్‌లో ఉంటాను. ప్యాడ్స్ ఎలా పడేయాలో ఎవరినీ అడగలేకపోతున్నాం. కొందరు టాయిలెట్‌లోనే వేసేస్తున్నారు, నెలకోసారి పైపు బ్లాక్ అవుతోంది.
(పేరు, ఊరు వద్దన్నారు)

జవాబు: అమ్మా, ఇది సిగ్గుపడాల్సిన విషయం కాదు, అడిగినందుకు సంతోషం. ప్యాడ్‌లో దూదితో పాటు ప్లాస్టిక్ పొర, నీళ్లు పీల్చి ఉబ్బే గింజలు ఉంటాయి. టాయిలెట్‌లో వేస్తే అది పైపులోనే ఉబ్బుతుంది. పాత న్యూస్‌పేపర్‌లో గట్టిగా చుట్టి, పైన ఎర్ర స్కెచ్‌తో ఒక చుక్క పెట్టి, విడిగా మూత ఉన్న డబ్బాలో వేయండి. నల్ల కవర్లో ముడేయకండి. ముడి ఉన్న ప్రతి కవరునీ లోపల ఏముందో చూడ్డానికి విప్పాల్సి వస్తుంది. ఎర్రచుక్క ఉంటే విప్పరు. ఆ చుక్క తీసుకెళ్లే మనిషి కోసం.

బాత్‌రూమ్ గోడకి బిగించే చిన్న కాల్చే మిషన్లు తగినంత వేడెక్కకపోతే ప్లాస్టిక్ సరిగా కాలక హానికరమైన పొగ వస్తుంది, అదీ మీరు పీల్చే గదిలోనే. మీ దగ్గర ఉంటే పొగగొట్టం బయటికి ఉందా, సర్వీసింగ్ చేయిస్తున్నారా అని వార్డెన్‌ని అడగండి. లేకపోతే కొత్తది కొనమనకండి. మూత ఉన్న డబ్బాలు, వాటిని రోజూ విడిగా తీసుకెళ్లే ఏర్పాటు అడగండి. శానిటరీ చెత్త ఇప్పుడు నిబంధనల్లోనే వేరే రకం కాబట్టి మీరు అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ప్రశ్న: కెమిస్ట్రీ ల్యాబ్ ఇన్‌చార్జిని. పగిలిన బీకర్లు, పాత సాల్వెంట్లు (ద్రావకాలు), ఏళ్లుగా పేరుకున్న బ్యాటరీలు, ట్యూబ్‌లైట్లు. స్వీపర్ తీసుకెళ్తోంది కదా అని ఇన్నాళ్లూ ఇచ్చేశాం. ఇప్పుడు అనుమానంగా ఉంది.
(లెక్చరర్, గుంటూరు)

జవాబు: సార్, ఇంకెప్పుడూ అలా ఇవ్వకండి. పైన చెప్పిన మా పెద్దామె ఒకరోజు ఒక ల్యాబ్ నుంచి వచ్చిన నల్ల కవరుని పైనుంచి అదిమింది, ట్రాలీలో పట్టడానికి. లోపల విరిగిన పిపెట్, ద్రవాలు కొలిచే సన్న గాజు గొట్టం. కుడి బొటనవేలి మొదట్లో దిగింది. నరం తెగింది. కుట్లు వేశారు, గాయం మానింది, కానీ ఆ వేలు మళ్లీ పూర్తిగా ముడవలేదు. తర్వాత ఆమె చీపురు ఎడమచేత్తో పట్టుకోవడం నేర్చుకుంది. ఆ కవరు కట్టినవాళ్లు మంచివాళ్లే, చదువుకున్నవాళ్లే. లోపల గాజు ఉందని పైన రాయాలని తోచలేదు, అంతే.

పగిలిన గాజుకి మందమైన అట్టపెట్టె ఒకటి విడిగా పెట్టండి. పైన "పగిలిన గాజు" అని తెలుగులో పెద్దక్షరాలతో రాయండి, నిండాక టేపు వేయండి. ల్యాబ్ గాజు కరగడానికి మామూలు సీసా గాజు కంటే ఎక్కువ వేడి కావాలి, అందుకే సీసాలు కొనేవాళ్లకి ఇవ్వకూడదు. వాళ్ల కొలిమిలో అది గడ్డలుగా మిగులుతుంది. సాల్వెంట్లు సింకులో పోయకండి. క్లోరిన్ ఉన్నవి, లేనివి వేర్వేరు సీసాల్లో, పేరూ తేదీ రాసి పెట్టి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అనుమతి ఉన్నవాళ్లకే ఇవ్వాలి. మీ పక్క మైక్రోబయాలజీ వాళ్లకి కూడా చెప్పండి, సూక్ష్మజీవుల్ని పెంచే కల్చర్ ప్లేట్లు ఆటోక్లేవ్ చేశాకే, అంటే ఒత్తిడి ఆవిరితో క్రిములు చంపాకే, బయటికి రావాలి.

ట్యూబ్‌లైట్‌లో పాదరసం ఉంటుంది, పగలగొట్టకుండా దాని అట్ట గొట్టంలోనే నిలబెట్టండి. కంప్యూటర్లు, వైర్లు 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వేస్ట్ నిబంధనల ప్రకారం రిజిస్టరైన రీసైక్లర్‌కే వెళ్లాలి. ఉబ్బిన ఫోన్, ల్యాప్‌టాప్ బ్యాటరీని ఇసుక డబ్బాలో విడిగా పెట్టండి. చెత్త బండిలో నలిగితే అంటుకుంటుంది.

ప్రశ్న: అమ్మ ఒక కాలేజీలో కాంట్రాక్ట్ మీద ఊడుస్తుంది. గ్లోవ్స్ ఇవ్వరు. డబ్బాల్లోంచి సీసాలు, అట్టలు ఏరి అమ్ముకుంటే దొంగతనం చేసినట్టు మాట్లాడారట. అమ్మ చేతి మీద గాట్లు చూస్తుంటే ఏడుపొస్తుంది. నేను వేరే కాలేజీలో డిగ్రీ చదువుతున్నాను. నేనేం చేయగలను?
(డిగ్రీ విద్యార్థిని, సింగ్‌నగర్, విజయవాడ)

జవాబు: తల్లీ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ అమ్మ చేస్తున్నది దొంగతనం కాదు. ఆ కాలేజీ చేయాల్సిన పని, ఆమె ఒట్టి చేతులతో చేస్తోంది.

చెత్త పని చేసేవాళ్లందరికీ యూనిఫామ్, గ్లోవ్స్, చెప్పులు లేదా బూట్లు, మాస్క్, రెయిన్‌కోట్ ఇచ్చేలా మున్సిపాలిటీలు చూడాలని 2016 నిబంధనల్లోనే పేర్లతో సహా రాశారు. కాలేజీలో కాంట్రాక్టర్ దగ్గర పనిచేసేవాళ్లు అదే పని చేస్తున్నారు కాబట్టి అదే అడగొచ్చు. అమ్మ ఒక్కతే అడగకూడదు. తోటి పనివాళ్లందరి సంతకాలతో, వేలిముద్రలతో ఒక అర్జీ మీరే రాసిపెట్టండి. ప్రిన్సిపల్ పేరున ఒకటి, కాంట్రాక్టర్‌కి ఒకటి. తడి పనికి రబ్బరు గ్లోవ్స్, పొడి ఏరడానికి అరచేతిలో మందం ఉన్న గుడ్డ గ్లోవ్స్, రెండూ అడగండి. ఒక్క రబ్బరువే ఇస్తే గాజుకి ఆగవు, ఎండలో చెయ్యి ఉడికిపోయి తీసేస్తారు.

సీసాల సంగతి. మా క్యాంపస్‌లో కూడా ఇదే గొడవ జరిగింది. చివరికి రిజిస్ట్రార్ గారితో ఒక కాగితం రాయించాం: పొడి చెత్త అమ్మిన డబ్బు దాన్ని వేరు చేసినవాళ్లది. ఒక గది ఇచ్చారు, ఒక కాటా, ఒక పుస్తకం. వారానికోసారి కొట్టు ఆటో వచ్చేది, తూకం పుస్తకంలో రాసేవాళ్లు, నెలాఖరున పంచుకునేవాళ్లు. ఏ పోస్టరూ చేయలేనిది ఆ కాగితం చేసింది. ఏ ఫ్లోర్‌లో ఎవరు తడి కలుపుతున్నారో వాళ్లే కనిపెట్టి, పిల్లలకి నెమ్మదిగా చెప్పి మాన్పించారు. అమ్మ వాళ్ల అర్జీలో ఈ మాట కూడా చేర్చండి. మొదటి ఉత్తరం రాసిన అబ్బాయి కూడా ఇది చదువుతాడనుకుంటున్నాను.

ఇవన్నీ నెమ్మదిగా జరుగుతాయి. ఆగకూడనిది ఒకటుంది. గాట్లు పడ్డాయని రాశారు. ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకుందో అమ్మని అడగండి. గుర్తులేదంటే ఈ వారమే మీ వార్డు ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. హెపటైటిస్-బి టీకా గురించి కూడా అక్కడే అడగండి, అది ఆరు నెలల్లో మూడు డోసులు. పొద్దున డ్యూటీ అయితే మధ్యాహ్నం వెళ్లొచ్చేమో ముందు కనుక్కోండి, అమ్మకి ఒక పూట జీతం పోకుండా.